వయసు మీరిన వేగము: అనుమానమా, ప్రమాణమా?

మనుష్యుని శంకించుటకంటె సులభమైన పని లోకమున మరియొకటి లేదు. శంకించిన దానిని పరీక్షించుటకో ధనము కావలయును, ఓర్పు కావలయును, లెక్కలు వ్రాసిన పుస్తకము కావలయును, పక్షపాతము లేని సాక్షి కావలయును. అందుచేత మన రచ్చబండలమీదను పఠనమందిరములందును మొదటి పని నిత్యము జరుగుచున్నది. రెండవ పని యెవరిదో యన్నట్లు విడువబడుచున్నది. ఇప్పుడీ జాడ్యము పరుగుపందెములకును సోకినది. 42 కిలోమీటర్ల 195 మీటర్లు పరుగెత్తవలసిన మారథాను పందెమున ముప్పది దాటినవారెవరైనను తమ పూర్వపు పరుగులకంటె వేగముగా పరుగెత్తినచో, ఆ సాయంకాలమునకే "మందు వాడినాడు" అను తీర్పు వెలువడుచున్నది. అదే మాట మనదేశపు క్రీడాకారులమీద వచ్చినపుడు మరియొక పక్షమువారు లేచి, "మనవారి నడుగరాదు, అది జాతికి అవమానము" అని చెవులు మూసికొనుచున్నారు. ఈ రెండు పక్షములవారు నొండొరులకు శత్రువులుగా కనబడుదురు గాని, ఇరువురును చేయుచున్న తప్పు ఒక్కటేయని మా వాదము. ఇరువురికిని పరీక్ష యనిన గిట్టదు.

మలికిపురము వంటి కొబ్బరితోటల పల్లెలో గూర్చుండి మారథానును గూర్చి వాదమేమని చదువరులు నవ్వవచ్చును. కాని కోడి కూయక మునుపే మా కాలువగట్లమీద పరుగెత్తు యువకులను చూచినవారు నవ్వజాలరు. పోలీసు కానిస్టేబులు ఎంపికలో 1600 మీటర్ల పరుగు గలదు. ఆ పరుగు దాటినగాని ఆ యింట జీతము లేదు. మా యిండ్లలో పుట్టి హైదరాబాదున ఉద్యోగములు చేయుచున్నవారు నలువదవయేట పరుగు నేర్చి, ఆగస్టు నెలలో అచ్చట జరుగు మారథానున పాల్గొని, గడియారము చూపి గర్వించుచున్నారు. అమలాపురపు సాత్విక్ సాయిరాజ్ బాడ్మింటను జంటల పోటీలో 2023 ఆసియా క్రీడల స్వర్ణపతకము తెచ్చిన పిమ్మట, "మాస్టారూ, మా పిల్లవానిని ఆటల హాస్టలులో చేర్పింపవచ్చునా?" యని మమ్మడుగు తండ్రులు హెచ్చిరి. ఆ తండ్రులకు మేము చెప్పవలసినది రెండు మాటలలో ముగియదు గనుకనే యీ వ్యాసము.

తర్కసంగ్రహమును చదువ మొదలిడిన బాలునకును తెలిసిన విషయమొకటి గలదు. వాడుకలో అనుమానమనగా సందేహము. శాస్త్రమున అనుమానము సందేహమును తీర్చు ప్రమాణము. పర్వతమున పొగ కనబడినది. పొగ యున్నచోట నెల్ల నిప్పుండునని వంటయింట చూచి యెరిగితిమి. కావున పర్వతమున నిప్పు గలదు. ఈ తీర్పునకు బలము పొగయందు లేదు, పొగ నిప్పును విడిచి యుండదను వ్యాప్తియందున్నది. వ్యాప్తి తెగినచో హేతువు సవ్యభిచారమగును, వాదము కూలును. మన పఠనమందిర తార్కికులు చెప్పునదేమి? "ఇతడు ముప్పదియారవయేట వేగము పెంచుకొనెను, వయసు మీరిన వేగము మందు లేనిదే రాదు, కాన నితడు మందు వాడెను." నడుమనున్న వాక్యమును ఎవరు ఋజువు చేసిరి? నిప్పు లేనిదే పొగ రాదను సామెతను వల్లించుట ఋజువు కాదు. తాము చూచినది పొగయో, పొగమంచో మొదట తేల్చవలయును. ధనుర్మాసపు వేకువను వైనతేయపు పాయమీద లేచు తెల్లదనమును చూచి, కొంపలంటుకొన్నవని కేకలు వేయువాడు మా ప్రాంతమున లేడు.

వ్యాప్తిని తెంచు దృష్టాంతము లెన్నియేని గలవు. పోర్చుగలు దేశస్థుడు కార్లోస్ లోపెష్ 1947లో జన్మించెను. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో 10,000 మీటర్ల పరుగున రజతపతకము నందెను. అటుపిమ్మట గాయములతో కొన్నియేండ్లు వెనుకబడెను. అట్టివాడు 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ మారథానును 37వ యేట 2 గంటల 9 నిమిషముల 21 సెకండ్లలో గెలిచెను. మరుచటి సంవత్సరము రాటర్‌డాములో 38 యేండ్లు నిండినవాడై 2 గంటల 7 నిమిషముల 12 సెకండ్లలో పరుగెత్తి, అంతకుముందు ప్రపంచమున నెవ్వడును పరుగెత్తని వేగమును చూపెను. ఎలియూడ్ కిప్చోగె తన వేగములలో మిన్నయైన 2 గంటల 1 నిమిషము 9 సెకండ్లను 2022లో బెర్లినునందు 37వ యేట సాధించెను. 2008 బీజింగు ఒలింపిక్సున స్త్రీల మారథానును గెలిచిన రుమేనియా వనిత కాన్‌స్టాంటినా డీటా వయసు 38. వీరందరును పరిశుద్ధులని మేము ప్రమాణము చేయబోము. వయసొక్కటే వీరిమీద సాక్ష్యము చెప్పజాలదని మాత్రము చెప్పుచున్నాము.

ఇది మాయ కాదు, దీనికి కారణములున్నవి. దేహము గ్రహింపగల ప్రాణవాయువు యొక్క గరిష్ఠ పరిమాణము వయసుతో తగ్గుననుట సత్యమే. కాని ఒక వేగమున పరుగెత్తుటకు ఖర్చగు ప్రాణవాయువు, వేలకొలది కిలోమీటర్లు పరుగెత్తి పండిన కాళ్ళకు తక్కువగును. మొదటి పది కిలోమీటర్లలో కాలు నాపుకొనుట యెట్లో, కడపటి పదింటికి కండరములలోని చక్కెరను మిగుల్చుకొనుట యెట్లో ఇరువదియేండ్లవానికి చెప్పినను వినడు. మరియు ననేకులు 5,000, 10,000 మీటర్ల పరుగులలో ముప్పదేండ్లవరకు గడపి, పిమ్మట మారథానునకు వత్తురు. క్రొత్తగా చేపట్టిన పందెమున మూడవ నాలుగవ యేట వేగము హెచ్చుట వార్ధక్యమున హెచ్చుట యెట్లగును? మన శివనాథ్ సింగు సంగతియు నిట్టిదే. 1974 టెహరాను ఆసియా క్రీడలలో 5,000 మీటర్ల స్వర్ణము గెలిచి, మాంట్రియల్ మారథానున పదునొకండవ వాడై, 1978లో జలంధరునందు ముప్పది దాటిన వయసున 2 గంటల 12 నిమిషములలో పరుగెత్తెను. బూట్లు లేక వట్టి కాళ్ళతో పరుగెత్తుటకు అలవాటుపడిన ఆ బీహారు సైనికుని లెక్కను నాలుగు దశాబ్దములకు పైగా ఏ భారతీయుడును దాటలేకపోయెను. దీనికి తోడు 2017 మొదలుకొని బూట్లే మారినవి. దళసరి మెత్తని అట్టలో కార్బను పలక నమర్చిన బూట్లు వచ్చి అందరి వేగములను మార్చివేసినవి. 2020లో అట్ట మందము 40 మిల్లీమీటర్లు దాటరాదని నియమము చేయవలసివచ్చెను. కాలమును మాత్రము చూచి బూటును చూడనివాడు సగము చూచినవాడే. కోనసీమ రైతునకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. పొట్టిరకపు కొబ్బరి మూడు నాలుగేండ్లకే కాపునకు వచ్చును. దేశవాళి చెట్టు ఆరేడేండ్లు ఆగి, అర్ధశతాబ్దము దాటియు కాయును. ఆలస్యముగా గెల వేసిన చెట్టునకు ఎవరో దొంగమందు పెట్టిరని యే రైతును పంచాయతీ పెట్టడు.

మనలోనే యిట్టి తొందరపాటు తీర్పునకు గురియైన యొక తెలుగుబిడ్డ గలదు. ఆముదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో బరువులెత్తుటయందు ప్రపంచవిజేత. 2000లో సిడ్నీకి బయలుదేరునాటికి ఆమె పని యైపోయినదనియు, ఒడలు పెరిగినదనియు పత్రికలలో వ్రాసిరి. ఆమె 240 కిలోలెత్తి కాంస్యము తెచ్చెను. ఒలింపిక్ పతకము నందిన మొదటి భారత స్త్రీ ఆమెయే. వయసు లెక్క వేసి ఒకరి బలమునకు హద్దు గీయువారి జోస్యములు ఎంతటివో దీనివలన తెలియగలదు.

ఇంతవరకు చదివినవారు మేము అనుమానితులందరి పక్షమున వకాల్తా పుచ్చుకొంటిమని తలపవలదు. రెండవ పక్షమువారి వంతు వచ్చినది.

కెన్యాదేశపు రూత్ చెప్‌గెటిచ్ 2022లో చికాగో మారథానును 2 గంటల 14 నిమిషముల 18 సెకండ్లలో పరుగెత్తెను. 2024 అక్టోబరు 13వ తేదీన, ముప్పదియేండ్ల వయసున, అదే నగరమున 2 గంటల 9 నిమిషముల 56 సెకండ్లలో ముగించెను. ఆనాటివరకు స్త్రీలలో మిన్నయైన కాలము ఇథియోపియా వనిత టిగిస్ట్ అసెఫా 2023లో బెర్లినునందు చూపిన 2 గంటల 11 నిమిషముల 53 సెకండ్లు. అనగా ఒక్క పందెముతో రెండు నిమిషములకు కొంచెము తక్కువగా కోత పడినది. పందెము ముగిసిన పిమ్మట విలేఖరు లామెను చుట్టుముట్టినపుడు ఒకడు లేచి, ఈ కాలము నమ్మదగినదేనా యని కొందరు శంకింతురు, మీరేమందురని యడిగెను. జనులు మాటాడుదురని చెప్పి ఆమె ఊరకుండెను. కెన్యాలో పలువురు ఆ విలేఖరినే తిట్టిరి. ప్రశ్న వేయుటయే తమ జాతికి ద్రోహమనిరి.

2025 మార్చి 14న ఆమె మూత్రమును పరీక్షింపగా హైడ్రోక్లోరోథయజైడు కనబడెను. ఇది మన యిండ్లలో రక్తపుపోటు గల పెద్దలు మ్రింగు బిళ్ళలలోని మందే. నీటిని బయటకు త్రోసి మూత్రమును పలుచజేయును గనుక ఇతర మందుల జాడ చెరుపుటకు నక్కరకు వచ్చునని దానిని నిషేధించిరి. నమూనాలో 20 నానోగ్రాములు దాటిన తెలుపవలసియుండగా, ఆమె నమూనాలో సుమారు 3,800 ఉండెను. మొదట కారణము తోచలేదని చెప్పి, పిమ్మట పనిమనిషి మందును తెలియక మ్రింగితినని చెప్పెను. ఆ యేటి అక్టోబరున ఆమెకు మూడేండ్ల నిషేధము పడెను.

ఈ తీర్పును చూచి మొదటి పక్షమువారు "మేము చెప్పలేదా" యని చంకలు గొట్టుకొనిరి. నిలువుడు. 2025 మార్చి నాటి నమూనా 2025 మార్చిని గూర్చి సాక్ష్యము చెప్పును. చికాగో పరుగును ఆ తీర్పు కొట్టివేయలేదు. మీరు 2024 అక్టోబరులో పలికినది ఊహ. ఊహ యొకనాడు నిజమునకు దగ్గరగా పడినంతమాత్రమున జ్ఞానమగునా? తాటిపండు పడువేళకు కాకి వ్రాలినది. అసెఫాను గూర్చియు మీరిట్లే పలికితిరి. ఆమె 2022 మార్చిలో 2 గంటల 34 నిమిషములు, అదే యేడు సెప్టెంబరులో 2 గంటల 15 నిమిషములు, మరుచటి యేడు 2 గంటల 11 నిమిషములు పరుగెత్తెను గదా, ఇంకేమి ఋజువు కావలయునని వాదించితిరి. ఆమె నమూనా లేవియు దోషమును చూపినట్లు ప్రకటింపబడలేదు. ఒకే హేతువునుండి మీరు రెండు తీర్పులు తీసితిరి. ఒకటి కుదిరినది, ఒకటి గాలిలో వ్రేలాడుచున్నది. ఇట్టి హేతువును తర్కశాస్త్రమున నేమందురో పైన చెప్పితిమి.

ఇక ప్రశ్న వేసిన విలేఖరిని తిట్టినవారి సంగతి. నిప్పున్నచోట నెల్ల పొగ యుండదు. పచ్చికట్టె తోడైనచో నుండును. ఆ పచ్చికట్టెను శాస్త్రకారులు ఉపాధి యనిరి. వయసు మీరిన వేగము తనంతట తాను దోషము కాకపోయినను, దానితో మరికొన్ని చేరినపుడు ప్రశ్న వేయుట ధర్మమగును. చెప్‌గెటిచ్ వ్యవహారములు చూచు ఏజెంటు చేతిక్రిందనే యుండిన రీటా జెప్టూ 2014లోను, రియో ఒలింపిక్ విజేత జెమీమా సుంగాంగ్ 2017లోను ఎరిత్రోపొయిటిన్ వాడి పట్టుబడియుండిరి. ఇది చెప్‌గెటిచ్ దోషమునకు ఋజువు కాదు, ఏజెంటు దోషమునకును ఋజువు కాదు; కాని అడుగుటకు చాలిన కారణము. అడిగినవానిని దేశద్రోహి యనినవా రెవరికి మేలు చేసిరి? కెన్యాలో మందు ముట్టక ప్రతిదినము వేకువన చలిలో పరుగెత్తు వందలకొలది బీదపిల్లలకా?

ఎరిత్రోపొయిటిన్ అను పేరు తెలుగువారికి క్రొత్త కాదు. మూత్రపిండములు చెడి డయాలిసిసుపై బ్రదుకువారికి రక్తము పెంచుటకు ఇచ్చు సూదిమందది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున ఆ రోగము వాత బడిన కుటుంబములను తలచుకొన్నవారికి, ఒకచోట ప్రాణము నిలుపు మందును మరియొకచోట బంగారు బిళ్ళకై దొంగిలించుటలోని హైన్యము బోధపడగలదు. ఆరోగ్యవంతుడు దానిని పొడిపించుకొన్నచో ఎర్రకణములు హెచ్చి ప్రాణవాయువు ఎక్కువగా మోయబడును. రక్తము చిక్కబడి గడ్డకట్టు భయమును హెచ్చును. మందుతో పరుగు తీయుట నేటి వింత కాదు. 1904లో సెయింట్ లూయీ ఒలింపిక్ మారథానున థామస్ హిక్స్ అనువానికి దారిలోనే అతని పరిచారకులు గ్రుడ్డు తెల్లసొనలో కలిపి స్ట్రిక్నిన్ ఇచ్చిరి. అది మన వైద్యులెరిగిన విషముష్టి సారము! అతడు పడుచు లేచుచు గెలిచెను. ఆ దినములలో నిషేధము లేదు గనుక పతకమును దక్కెను. పోయుచేతులు పరుగెత్తువానివి కావని గమనింపుడు; ఈ మాట మరల అవసరపడును.

వేగముగా నెదిగినవాని నెట్లు పరీక్షింపవలయును? మేము ఉపాధ్యాయులము గనుక మాకు తెలిసిన దారి చెప్పెదము. మూడేండ్లు వెనుకబెంచీలో కూర్చున్న బాలుడు వార్షిక పరీక్షలో హఠాత్తుగా తొంబది మార్కులు తెచ్చినచో, కాపీ కొట్టెనని గోడమీద వ్రాయువాడు ఉపాధ్యాయుడు కాడు. నోరెత్తక ప్రథమస్థానమిచ్చి వేయువాడును కాడు. త్రైమాసిక, షాణ్మాసిక పత్రములు తీసి చూచును. ఎదుట గూర్చుండబెట్టి మరియొక ప్రశ్న ఇచ్చును. బాలుడు నిజముగా చదివినవాడైనచో ఆ రెండవ ప్రశ్న వానికి వరము. ఊరివారి నోళ్ళు మూయించునది అదియొక్కటే. 2009 మొదలుకొని పరుగువారికి ఏర్పడిన రక్తపు పాస్‌పోర్టు సరిగా నిట్టిదే. ఒకని రక్తమును ఏండ్ల తరబడి పలుమారులు తీసి, ఎర్రకణముల లెక్కను, క్రొత్తగా పుట్టు కణముల పాలును వ్రాసియుంచి, వానిని వానితోనే పోల్చుదురు. మందు దొరకకున్నను, మందు చేసిన మార్పు లెక్కలలో కనబడును. ఆలస్యముగా పెరిగిన వేగమును గూర్చి తీర్పు చెప్పదగినది కాలమునంతయు జ్ఞాపకముంచుకొన్న ఇట్టి పుస్తకమే కాని, నిన్నటి పందెమును మాత్రమే చూచిన కన్ను కాదు.

పరీక్షకుడే అమ్ముడుపోయిన నేమగునో కూడ లోకము చూచినది. రష్యా వనిత లిలియా షొబుఖోవా 2009, 2010, 2011లలో వరుసగా చికాగో గెలిచెను. ఆమె రక్తపు లెక్కలు చెడియుండినను, అధికారులకు సుమారు నాలుగున్నర లక్షల యూరోలు లంచమిచ్చి 2012 లండను ఒలింపిక్సునకు పోగలిగెను. 2014లో ఆమెకు నిషేధము పడినది, లంచపు సంగతియు బయటపడినది. ప్రపంచ అథ్లెటిక్ సంఘపు మాజీ అధ్యక్షుడు లమీన్ డియాక్ 2020లో పారిసు న్యాయస్థానమున శిక్షితుడయ్యెను. కావున పరీక్ష యున్నచాలదు, దాని పుస్తకము పదుగురికి తెరచి యుండవలయును.

పరీక్ష అవమానమను వారికి సబాస్టియన్ సావే అను కెన్యా పరుగువాని ఉదాహరణమొకటి చాలును. 2025లో బెర్లిను మారథానునకు ముందు తన్ను మామూలుకంటె నెక్కువగా పరీక్షింపుడని అతడే కోరెను. రెండు నెలలలో ఇరువదియైదు పర్యాయములు చెప్పకుండ వచ్చి నమూనాలు తీసిరి. అతడు 2 గంటల 2 నిమిషముల 16 సెకండ్లలో గెలిచెను. తన దేశస్థుల దోషములవలన తనమీద పడిన నీడను తుడుచుకొనుటకు అతనికి మరియొక దారి లేదు. పరీక్ష నీతిమంతుని ఆస్తి. దానిని వానికి ఇయ్యకుండుటయే వానిని దోచుట.

ఈ దోపిడి మన తెలుగుబిడ్డకే జరిగినది. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి బీదయింటి పిల్ల, తండ్రి కావలివాడు. 2020 జనవరిలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము పక్షమున మూడబిదిరెలో జరిగిన అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో 100 మీటర్ల హర్డిల్సును 13.03 సెకండ్లలో దాటెను. 2002 నుండి అనురాధా బిశ్వాల్ పేరనుండిన జాతీయ రికార్డు 13.38. పదునెనిమిదేండ్ల రికార్డు విరిగినది గదా యని సంతోషింపబోగా, అది చెల్లదనిరి. ఏల? ఆ పోటీలో మందుల పరీక్ష జరుగలేదు. అథ్లెటిక్ సమాఖ్య ప్రతినిధియు లేడు. పరీక్షకులు రాకపోవుట ఆ పిల్ల తప్పా? 2022 ఏప్రిలులో కోళిక్కోడున మరల 13.09 పరుగెత్తగా, గాలి సెకండునకు 2.1 మీటర్లు వీచినదని, పరిమితి 2 మాత్రమేయని, అదియు లెక్కలోనికి రాలేదు. కట్టకడపట 2022 మే 10న సైప్రసు దేశపు లిమసోలులో 13.23 పరుగెత్తగా జాతీయ రికార్డయ్యెను. చూచితిరా? రెండేండ్ల క్రిందట పరుగెత్తిన దానికంటె మెల్లనైన పరుగు రికార్డయినది. 2023లో ఆమె 12.78నకు వచ్చెను. పుస్తకము మాత్రము చూచి లెక్కలు కట్టువానికి ఒక్క యేటిలో ఇంత దూకుడు ఎట్లు వచ్చెనను శంక పుట్టవచ్చును. ఆ శంకకు సమాధానము చెప్పగల మూడబిదిరె నమూనా లేదు, దానిని తీసికొనువాడు ఆనాడు రాలేదు. నియమము మంచిదే, పరీక్ష లేని రికార్డును త్రోసివేయుట న్యాయమే. పరీక్షను పంపక పోటీ జరిపినవారిని మాత్రము ఎవరును శిక్షింపలేదు.

దేశపు లెక్కలును తల దించుకొనునట్లున్నవి. 2023లో భారతదేశమున 5,606 నమూనాలు తీయగా 213 దోషయుక్తములు. 2024లో 7,113 తీయగా 260. నూటికి 3.6 పాలు. ఎక్కువ పరీక్షలు చేయు దేశములలో నింత పాలు మరియెచ్చటను లేదు. 2023 సెప్టెంబరున ఢిల్లీ రాష్ట్ర పోటీలలో మందుల పరీక్షకులు వచ్చిరని తెలియగానే, ఎనమండుగురు పరుగెత్తవలసిన పురుషుల 100 మీటర్ల తుదిపందెమున ఒక్కడే వచ్చి ఒక్కడే పరుగెత్తెను. మైదానపు మరుగుదొడ్డిలో వాడి పారవేసిన సూదులు దొరకెను. పేదదేశమునకు ఇన్ని పరీక్షలు భారముగదా యనువారికి ఈ ఢిల్లీ సంగతియే ప్రత్యుత్తరము. ప్రతిబిడ్డను ప్రతిదినము పరీక్షింపనక్కరలేదు; ఏ దినము ఎవరికి వచ్చునో తెలియకున్న చాలును. ఒక్క రాకతో ఒక పందెము ఖాళీయయ్యెను.

తెలుగునేలయు దీనికి వెలి కాదు. 2025లో హైదరాబాదున పనిచేయుచు ద్రోణాచార్య పురస్కారము నందిన యొక శిక్షకుని, మందుల వ్యవహారమున సహకరించెనను ఆరోపణమీద జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ తాత్కాలికముగా తొలగించెను. తాత్కాలికపు తొలగింపు తీర్పు కాదు. అందుచే పేరు వ్రాయము. ఇంతవరకు ఇతరులకు చెప్పిన ధర్మము మాకును వర్తించును. ఆ పురస్కారపు పేరును గూర్చి మాత్రము ఒక మాట అనకుండ నుండలేము. శిష్యుని బొటనవ్రేలు కోసి ఇమ్మన్న గురువు పేరిట గురువులకు బహుమానమిచ్చు దేశమున, గురువు చేతిలోని సూదిలో నేమున్నదని శిష్యు డడుగుట యెట్లు? ఇరువదియేండ్ల పిల్ల అడుగలేదు. హాస్టలు అతని చేతిలో నున్నది, పోటీకి పంపుట అతని చేతిలో నున్నది, రైల్వే ఉద్యోగమునకు సిఫారసు అతని చేతిలో నున్నది. పట్టుబడిన దినమున నిషేధము పిల్లకు పడును. 2022లో చేసిన చట్టము పరీక్షల కధికారమిచ్చినది గాని, అడుగుటకు నోరు పిల్ల యింటివారే ఇయ్యవలయును.

కావున మమ్మడుగు తండ్రులకు మా మనవి యిది. బిడ్డను పంపుడు, కాని ఏ డబ్బాలోని పొడి, ఏ బిళ్ళ, ఏ సూది ఇచ్చుచున్నారో పేరు వ్రాయించుకొనుడు. మందుల పేరును పెట్టి నిషేధమో కాదో చూచుకొనుటకు ఆ సంస్థవారే ఫోనులో చూడదగిన సాధనమును ఏర్పరచిరి. మీ యింట నాయనమ్మ మ్రింగు రక్తపుపోటు బిళ్ళయే ప్రపంచవిజేతను మూడేండ్లు కూర్చుండబెట్టినదని జ్ఞాపకముంచుకొనుడు. మీ బిడ్డ వేగము చప్పున హెచ్చినచో గర్వించుటకు ముందు కారణ మడుగుడు. ఇతరుల బిడ్డ వేగము హెచ్చినచో నిందించుటకు ముందు అదే యడుగుడు.

మా తోటి ఉపాధ్యాయులకును ఒక పని చెప్పెదము. మండలపు పోటీలకు రక్తపరీక్షలు నేడే రావు; రానప్పుడు చేయదగినది లేకపోలేదు. ఆరవ తరగతినుండి ఆటలలో నున్న ప్రతి బాలునకు, బాలికకు ఒక పుస్తకము పెట్టి, ఏటేటి యెత్తు, బరువు, పరుగెత్తిన దూరము, కాలము, జ్వరము వచ్చిన వాడిన మందులు తేదీలతో వ్రాసి, వ్యాయామోపాధ్యాయుడును తల్లిదండ్రులలో నొకరును సంతకము చేయుదురు గాక. ఆ బిడ్డ పదునైదేండ్లకు పిమ్మట ఏ నగరమందో హఠాత్తుగా వేగము చూపినపుడు, అది హఠాత్తుగా వచ్చినది కాదని చూపుటకు మలికిపురమునుండి ఒక కాగితము పోగలదు. దీనికి ఢిల్లీనుండి ఉత్తరువు రానక్కరలేదు. వంద పుటల నోటుపుస్తకము చాలును; స్టాప్‌వాచీ మన వ్యాయామోపాధ్యాయుల మెడలో నిదివరకే యున్నది.